వర్డ్ ఫైలు పోయిందా? ముందు ఏ దారి, చివరికి ఏ దారి

రాస్తున్న డాక్యుమెంట్ కనిపించకపోతే చాలామంది వెంటనే బ్రౌజర్ తెరిచి డేటా రికవరీ సాఫ్ట్‌వేర్ కోసం వెతుకుతారు. ఆ టెన్షన్‌లో ముందు కనిపించినదాన్ని డౌన్‌లోడ్ చేసి స్కాన్ పెట్టేస్తారు. నన్నడిగితే అది ఆఖరి అస్త్రం, మొదటిది కాదు. అసలు సేవ్ చేయని డాక్యుమెంటును వెనక్కి తేవడంలో ఆ సాఫ్ట్‌వేర్ చేయగలిగింది చాలా తక్కువ. డిలీట్ అయిన ఫైలు విషయంలో పనికొస్తుంది. కానీ ఫైలు పోయిన డ్రైవ్‌లోనే దాన్ని ఇన్‌స్టాల్ చేస్తే, తిరిగి రావాల్సిన డేటా మీదే కొత్త డేటా పడి, ఉన్న కాస్త ఆశ కూడా పోవచ్చు.

ఏ పద్ధతి పట్టుకోవాలన్నది ఫైలు ఎలా పోయిందన్నదాన్ని బట్టే తేలుతుంది. సేవ్ చేయకుండా మూసేశారా, ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోయిందా, పాతదాని మీద కొత్తది సేవ్ అయిందా, డిలీట్ చేశారా, ఫైలు ఉన్నా తెరుచుకోవట్లేదా? ఒకదానికి పనిచేసే మందు ఇంకోదానికి పనిచేయదు. అందుకే రెండు నిమిషాలు ఆగి, చివరిసారి ఏం నొక్కారో గుర్తు తెచ్చుకోండి.

నిజంగా పోయిందా?

పోయిందనుకున్న ఫైళ్లలో కొన్ని వేరే ఫోల్డర్‌లో క్షేమంగా ఉంటాయి. వర్డ్‌లో ఫైల్, ఓపెన్ నొక్కితే ఈమధ్య తెరిచిన ఫైళ్ల జాబితా వస్తుంది. ముందు అక్కడ చూడండి. విండోస్‌లో వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆన్‌లైన్ స్టోరేజ్) బ్యాకప్ ఆన్ అయి ఉంటే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపలికి మారిపోతాయి. పాత చోట వెతికేవాళ్లకు అక్కడ ఏమీ కనిపించదు. పేరు గుర్తులేకపోతే ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఆ డాక్యుమెంటులో వాడిన ఏదైనా అరుదైన మాటతో వెతకండి. డాక్యుమెంట్స్ లాంటి, విండోస్ ముందే జాబితా (ఇండెక్స్) చేసి పెట్టుకున్న ఫోల్డర్లలో ఫైలు లోపలి మాటలను కూడా విండోస్ వెతుకుతుంది.

ఈమెయిల్ అటాచ్‌మెంటును నేరుగా తెరిచి, అందులోనే మార్పులు చేసి సేవ్ నొక్కినవాళ్లది ఇంకో బాధ. అలా తెరిచిన ఫైలు ఒక తాత్కాలిక ఫోల్డర్‌లో ఉంటుంది. పాత డెస్క్‌టాప్ అవుట్‌లుక్‌లో అయితే అది ఐనెట్‌క్యాష్ అనే ఫోల్డర్ లోపల, కంటెంట్ డాట్ అవుట్‌లుక్ అనే దాచిన సబ్‌ఫోల్డర్‌లో ఉంటుంది. అవుట్‌లుక్ మూశాక అది చెరిగిపోవచ్చు కాబట్టి, గుర్తొచ్చిన క్షణమే అక్కడికి వెళ్లి కాపీ చేసుకోవాలి. వర్డ్‌లోని ఈమధ్య ఫైళ్ల జాబితాలో ఆ పేరు ఉంటే, దాని మీద నొక్కి చూడటం అన్నిటికంటే దగ్గరి దారి.

సేవ్ చేయకుండా మూసేసినా, కంప్యూటర్ ఆగిపోయినా

ఈ రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి గానీ వర్డ్ దృష్టిలో వేరు.

కరెంటు పోయినా, వర్డ్ హ్యాంగ్ అయి మూసుకుపోయినా, మళ్లీ వర్డ్ తెరవగానే ఎడమవైపు డాక్యుమెంట్ రికవరీ అనే పేన్ వస్తుంది. అందులో ఉన్నదాన్ని తెరిచి, వెంటనే వేరే పేరుతో సేవ్ చేసుకోవాలి. పాత ఫైలు మీద సేవ్ చేయకండి. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఏది తాజాదో చూసుకున్నాక నిర్ణయించుకోవచ్చు. హడావుడిలో ఆ పేన్‌ను క్లోజ్ చేసేటప్పుడు వర్డ్ ఒక ప్రశ్న అడుగుతుంది: ఈ ఫైళ్లను తర్వాత చూడటానికి ఉంచాలా, తీసేయాలా అని. తీసేయమంటే అంతే సంగతులు.

"సేవ్ వద్దు" అని మనమే నొక్కి మూసేస్తే ఆ పేన్ రాదు, ఎందుకంటే వర్డ్ లెక్కలో ప్రమాదమేమీ జరగలేదు. అప్పుడు వెళ్లాల్సిన చోటు ఫైల్, ఇన్ఫో, మేనేజ్ డాక్యుమెంట్. అందులో రికవర్ అన్‌సేవ్డ్ డాక్యుమెంట్స్ అని ఉంటుంది. ఒక్కసారి కూడా పేరు పెట్టి సేవ్ చేయని డాక్యుమెంట్లు అక్కడ దొరుకుతాయి. ఇంతకుముందు సేవ్ చేసిన ఫైలే అయితే ఆ ఫైలును తెరిచి అదే ఇన్ఫో పేజీ చూడండి. సేవ్ చేయకుండా మూసినప్పటి కాపీ సమయంతో సహా అక్కడ కనిపించే అవకాశం ఉంది. ఇలా సేవ్ కాని కాపీలను ఆఫీస్ నాలుగు రోజులే ఉంచుతుంది. వచ్చేవారం తీరిగ్గా చూద్దాం అనుకుంటే కుదరదు.

వీటన్నిటికీ ఆధారం ఆటోరికవర్. మామూలుగా అది 10 నిమిషాలకోసారి కాపీ తీస్తుంది. ఎనిమిది నిమిషాలు టైప్ చేసి, సేవ్ చేయకుండా మూసేస్తే తిరిగి తెచ్చుకోవడానికి ఏ కాపీ లేకపోవచ్చు. అరగంట రాసి ఉంటే చివరి కొన్ని నిమిషాలు తప్ప మిగతాది దొరికే ఆశ గట్టిగానే ఉంటుంది.

మెనూలో ఏమీ కనిపించకపోతే ఫోల్డర్‌లోకి నేరుగా వెళ్లి చూడొచ్చు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ బార్‌లో రెండు పర్సెంట్ గుర్తుల మధ్య యాప్‌డేటా అని ఇంగ్లీషులో టైప్ చేసి ఎంటర్ నొక్కితే రోమింగ్ ఫోల్డర్ తెరుచుకుంటుంది. అందులో మైక్రోసాఫ్ట్, దాని లోపల వర్డ్. అక్కడ ఏఎస్‌డీ అనే ఎక్స్‌టెన్షన్‌తో (ఫైలు పేరులో చుక్క తర్వాత వచ్చే చివరి అక్షరాలు) ఉన్నవి ఆటోరికవర్ కాపీలు. అసలు పేరే పెట్టని ఫైళ్లవి, రోమింగ్ నుంచి ఒక మెట్టు పైకి యాప్‌డేటా ఫోల్డర్‌లోకి వెళ్తే, దాని లోపల లోకల్, మైక్రోసాఫ్ట్, ఆఫీస్, అన్‌సేవ్డ్‌ఫైల్స్ అనే వరుసలో ఉంటాయి. మ్యాక్ వర్డ్ కూడా ఇలాంటి కాపీలను లైబ్రరీ ఫోల్డర్ లోపల ఆటోరికవరీ అనే ఫోల్డర్‌లో దాస్తుంది.

ఈ వెతుకులాటలో ఒక మోసం ఎదురవుతుంది. డాక్యుమెంట్ ఉన్న ఫోల్డర్‌లోనే టిల్డే (~), డాలర్ ($) గుర్తులతో మొదలయ్యే పేరుతో ఒక దాచిన చిన్న ఫైలు కనిపిస్తుంది. దాన్ని చూసి "దొరికింది" అనుకుని దాని మీద గంటలు ఖర్చు పెట్టేవాళ్లున్నారు. అందులో ఉండేది ఫైలును ఎవరు తెరిచారో చెప్పే పేరు మాత్రమే. మీ రాతలో ఒక్క అక్షరం కూడా ఉండదు.

వర్డ్‌కు బదులు వాడే ఉచిత ప్రోగ్రామ్ లిబ్రేఆఫీస్ సంగతి కొంచెం వేరు. క్రాష్ అయితే తర్వాత తెరిచినప్పుడు రికవరీ విండో దానంతట అదే వస్తుంది, కాపీ తీసేది అందులోనూ మామూలుగా 10 నిమిషాలకోసారే. కానీ సేవ్ వద్దని మనమే మూసేస్తే, వర్డ్‌లో ఉన్నలాంటి రికవర్ అన్‌సేవ్డ్ వసతి అందులో లేదు. ఈ ఒక్క విషయంలో వర్డే మెరుగు. గూగుల్ డాక్స్‌లో ఈ బాధ దాదాపు ఉండదు, టైప్ చేస్తుంటేనే సేవ్ అవుతుంది. నెట్ పోయినప్పుడు, ఆఫ్‌లైన్ సెట్టింగ్ పెట్టుకోకుండా ట్యాబ్ మూసేస్తే మాత్రం చివరి మార్పులు పోవచ్చు. అలాంటప్పుడు ట్యాబ్‌ను అలాగే ఉంచి, నెట్ వచ్చేదాకా ఆగడమే మంచిది.

పాతదాని మీద కొత్తది సేవ్ అయితే

నా ఉద్దేశంలో అన్నిటికంటే ఎక్కువ ఏడిపించేది ఇదే. ముప్పై పేజీల రిపోర్టు తెరిచి, అందులోదంతా తీసేసి కొత్త లెటర్ రాసి, అలవాటుగా కంట్రోల్ ఎస్ నొక్కేయడం.

డాక్యుమెంట్ ఇంకా తెరిచే ఉంటే దాన్ని మూయకండి. కంట్రోల్ జెడ్ నొక్కుతూ వెనక్కి వెళ్లండి. సేవ్ చేశాక కూడా వర్డ్‌లో అన్‌డూ పనిచేస్తుంది, ఫైలు మూసేదాకా ఆ చరిత్ర ఉంటుంది. పాత రిపోర్టు కనబడగానే సేవ్ యాజ్‌తో వేరే పేరు పెట్టండి. కొత్త లెటర్ కూడా కావాలంటే, వెనక్కి వెళ్లేముందే దాన్ని కాపీ చేసి వేరే డాక్యుమెంటులో పెట్టుకోండి.

మూసేసి ఉంటే ఆటోరికవర్ మీద ఆశ వదిలేయండి. మనం మామూలుగా సేవ్ చేసి మూసేస్తే, ఇక అవసరం లేదని వర్డ్ ఆ కాపీని తీసేస్తుంది. ఇక్కడ కాపాడేది వెర్షన్ హిస్టరీ, అంటే ఫైలు పాత రూపాలను దాచి ఉంచే వసతి ఒక్కటే. అది ఎక్కడుందన్నది మీరు ఫైలును ఎక్కడ పెట్టారన్నదాని మీద ఉంటుంది.

వన్‌డ్రైవ్‌లో ఉంటే ఫైలు మీద రైట్ క్లిక్ చేసి వెర్షన్ హిస్టరీ చూడండి. సొంత అకౌంట్‌లో చివరి 25 వెర్షన్లు దొరుకుతాయి. గూగుల్ డాక్స్‌లో ఫైల్ మెనూలోనే వెర్షన్ హిస్టరీ ఉంటుంది. ఎవరు ఏ మార్పు చేశారో రంగుల్లో చూపిస్తుంది, అందుకే నలుగురు కలిసి రాసే పనికి నేను దాన్నే ముందు చెబుతాను. దాన్ని చూడాలంటే ఎడిట్ చేసే అనుమతి ఉండాలి, చదవడానికి మాత్రమే అనుమతి ఉన్నవాళ్లకు కనిపించదు. మ్యాక్‌లో పేజెస్ వాడేవాళ్లు ఫైల్ మెనూలో రివర్ట్ టు అన్నదాన్ని చూడాలి.

ఫైలు కేవలం మీ కంప్యూటర్‌లోనే ఉంటే, రైట్ క్లిక్‌లో ప్రాపర్టీస్, ప్రీవియస్ వెర్షన్స్ చూడండి. విండోస్‌లో ఫైళ్ల పాత కాపీలు ఉంచే ఫైల్ హిస్టరీ గానీ, సిస్టమ్ పాత స్థితిని గుర్తుపెట్టే రీస్టోర్ పాయింట్లు గానీ ముందే ఆన్ చేసి ఉంటేనే అక్కడేమైనా ఉంటుంది. చాలా కంప్యూటర్లలో ఆ చోటు ఖాళీగానే కనబడుతుంది. అప్పుడిక ఆ ఫైలును ఎవరికైనా పంపారేమో సెంట్ మెయిల్‌లో, వాట్సాప్‌లో, పెన్ డ్రైవ్‌లో వెతకడమే. నవ్వులాటగా అనిపిస్తుంది గానీ, ఓవర్‌రైట్ అయిన ఫైలు విషయంలో ఖరీదైన రికవరీ సాఫ్ట్‌వేర్ కంటే సెంట్ మెయిలే ఎక్కువసార్లు ఆదుకుంటుందని నా నమ్మకం.

డిలీట్ అయితే: డ్రైవ్‌ను బట్టి నిర్ణయం

రీసైకిల్ బిన్ చూడమని చెప్పక్కర్లేదు. అయితే షిఫ్ట్ డిలీట్ నొక్కినా, పెన్ డ్రైవ్‌లోంచి డిలీట్ చేసినా ఫైలు ఆ బిన్‌లోకి రాదని గుర్తుంచుకోండి. వన్‌డ్రైవ్‌కు, గూగుల్ డ్రైవ్‌కు వెబ్‌లో వేరే బిన్‌లు ఉంటాయి. సొంత వన్‌డ్రైవ్‌లో 30 రోజులు, ఆఫీసు అకౌంట్‌లో 93 రోజులు, గూగుల్ డ్రైవ్‌లో 30 రోజులు ఫైలు అందులో ఉంటుంది. కంప్యూటర్‌లో బిన్ ఖాళీ చేసేసినా వెబ్‌లో బతికే ఉండొచ్చు.

ఎక్కడా లేకపోతే అప్పుడు రికవరీ సాఫ్ట్‌వేర్ వంతు. దాని పేరు ఎంచుకోవడానికి ముందు మీ డ్రైవ్ ఏ రకమో తెలుసుకోండి, ఫలితాన్ని ఎక్కువగా తేల్చేది అదే.

తిరిగే హార్డ్ డిస్క్‌లో డిలీట్ అంటే ఆ చోటు ఖాళీ అని గుర్తు పెట్టడం మాత్రమే. కొత్తది ఏదీ అక్కడ పడేదాకా పాత డేటా అలాగే ఉంటుంది. అందుకే ఆ కంప్యూటర్ వాడకం ఆపేస్తే చాలు, అవకాశం బాగుంటుంది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండే, తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ అలా కాదు. ట్రిమ్ అనే ఆదేశంతో విండోస్ ఆ ఖాళీ చోట్లను డ్రైవ్‌కు చెప్పేస్తుంది, డ్రైవ్ వాటిని తనంతట తాను తుడిచేస్తుంది. ఇది విండోస్ 7 నుంచీ ఉంది. ఎస్‌ఎస్‌డీలో షిఫ్ట్ డిలీట్ చేసిన ఫైలుకు డబ్బు కట్టి సాఫ్ట్‌వేర్ కొనమని నేనైతే చెప్పను. ఉచితమైనదానితో ఒకసారి స్కాన్ చేసి, రాకపోతే వదిలేయడమే. పెన్ డ్రైవ్‌లు, మెమరీ కార్డుల్లో మామూలుగా ఈ ట్రిమ్ బాధ ఉండదు, అక్కడ ఆశ పెట్టుకోవచ్చు.

ఉచిత సాధనాల్లో మూడింటిని పోల్చి చూద్దాం. విండోస్ ఫైల్ రికవరీ మైక్రోసాఫ్ట్ వాళ్లదే, వాళ్ల స్టోర్‌లో దొరుకుతుంది, విండోస్ 10 లో 2004 అనే నంబరు (సంవత్సరం కాదు) ఉన్న వెర్షన్ నుంచి పనిచేస్తుంది. దానికి విండో అంటూ ఉండదు, కమాండ్లు టైప్ చేయాలి. ఈమధ్యే డిలీట్ అయినదానికి రెగ్యులర్ మోడ్, ఫార్మాట్ అయిన లేదా పాడైన డ్రైవ్‌కు ఎక్స్‌టెన్సివ్ మోడ్. వెతికే డ్రైవ్ ఒకటి, దొరికినదాన్ని పెట్టే డ్రైవ్ వేరొకటి అయి తీరాలని అదే పట్టుబడుతుంది. ఆ పట్టుదల నాకు నచ్చింది, తెలియనివాళ్లు చేసే అతి పెద్ద తప్పును అది చేయనివ్వదు. కమాండ్లంటే భయం ఉన్నవాళ్లకు రెకువా తేలిక. దొరికిన ఫైళ్ల పక్కన ఆకుపచ్చ, ఎరుపు లాంటి రంగులతో వాటి స్థితి చూపిస్తుంది. ఎరుపు ఉన్నవాటి మీద ఆశ వద్దు.

మూడోది ఫోటోరెక్. పేరు చూసి ఫోటోలకే అనుకుంటారు గానీ వర్డ్, లిబ్రేఆఫీస్ డాక్యుమెంట్లను కూడా గుర్తుపడుతుంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలో నడుస్తుంది, ఓపెన్ సోర్స్. ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే ఫైల్ సిస్టమే దెబ్బతిన్న పెన్ డ్రైవ్‌కు నేను దీన్నే ఎంచుకుంటాను. ఇబ్బందేంటంటే పాత ఫైలు పేర్లు రావు. నంబర్ల పేర్లతో వందల ఫైళ్లు వచ్చి పడతాయి, వాటిలో మనది వెతుక్కోవాలి. లోపలి మాటతో విండోస్ సెర్చ్ చేయడం ఇక్కడ మళ్లీ పనికొస్తుంది.

డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి ఉచిత స్కాన్, ప్రివ్యూ ఉంటాయి. ప్రివ్యూలో మీ డాక్యుమెంట్ లోపలి రాత కళ్లతో చూశాకే డబ్బు సంగతి ఆలోచించండి. ఫైలు పేరు కనిపించినంత మాత్రాన లోపల డేటా ఉన్నట్టు కాదు. ఏది వాడినా వేరే కంప్యూటర్‌లో డౌన్‌లోడ్ చేసి, పెన్ డ్రైవ్‌లోంచి నడపడం మేలు.

ఫైలు ఉంది, తెరుచుకోవట్లేదు

ముందు దానికి ఒక కాపీ తీసి, ప్రయోగాలన్నీ ఆ కాపీ మీదే చేయండి. వర్డ్‌లో ఫైల్, ఓపెన్‌కు వెళ్లి ఫైలును ఎంచుకుని, ఓపెన్ బటన్ పక్కన ఉన్న బాణం నొక్కితే ఓపెన్ అండ్ రిపేర్ వస్తుంది. కుదరకపోతే అదే ఫైలును లిబ్రేఆఫీస్‌లో గానీ గూగుల్ డాక్స్‌లో గానీ తెరిచి చూడండి. వర్డ్ మొరాయించిన ఫైలును అవి తెరిచిన సందర్భాలు ఉంటాయి.

డాక్ఎక్స్ (.docx) ఎక్స్‌టెన్షన్ ఉన్న వర్డ్ ఫైలు నిజానికి ఒక జిప్, అంటే కొన్ని ఫైళ్లను కట్టగట్టిన మూట. ఎక్స్‌టెన్షన్‌ను జిప్ అని మార్చి తెరిస్తే లోపల వర్డ్ అనే ఫోల్డర్, అందులో డాక్యుమెంట్ అనే ఎక్స్ఎంఎల్ ఫైలు ఉంటాయి. మీ రాతలో ప్రధాన భాగమంతా అందులోనే ఉంటుంది. హెడ్డింగులు, టేబుళ్లు పోయినా వాక్యాలు దక్కుతాయి. ఫైలు సైజు సున్నా చూపిస్తుంటే మాత్రం ఏ రిపేరూ పనిచేయదు, లోపల రిపేర్ చేయడానికి ఏమీ లేదు. వెంటనే పాత వెర్షన్ల వైపు వెళ్లండి.

ఫైలు అప్‌లోడ్ చేస్తే బాగుచేసి ఇస్తామనే వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి. ఒప్పంద పత్రాలు, ఆరోగ్య వివరాలు, జీతాల లెక్కలు ఉన్న ఫైలును అలా ముక్కూమొహం తెలియని చోటికి పంపకండి.

ఎక్కడ ఆగాలి

రాసింది రెండు మూడు పేజీలే అయితే, పైన చెప్పిన మెనూలు, ఫోల్డర్లు, బిన్‌లు చూశాక మళ్లీ రాసేయడం మంచిది. తాజాగా ఉన్నప్పుడు మెదడులోంచి రావడం ఏ సాఫ్ట్‌వేర్ స్కాన్ కంటే వేగం. నెలల తరబడి రాసిన థీసిస్ అయితే లెక్క వేరు. డ్రైవ్ టకటకమని చప్పుడు చేస్తున్నా, కంప్యూటర్ దాన్ని అసలు గుర్తించకపోయినా సాఫ్ట్‌వేర్ ప్రయోగాలు వద్దు. పవర్ తీసేసి, డేటా రికవరీ ల్యాబ్‌కు ఇవ్వాలి. పాడైన డ్రైవ్‌ను నడిపినకొద్దీ ఇంకా పాడవుతుంది. ల్యాబ్ ఖర్చు ఎక్కువే, కాబట్టి ముందు పరీక్ష చేసి ఏమేం వస్తుందో చెప్పే చోటే ఇవ్వండి.

ఇకముందు: ఆటోసేవా, ఆటోరికవరా, బ్యాకప్ కాపీనా?

పేర్లు దగ్గరగా ఉండడంతో ఈ మూడింటినీ కలిపేస్తుంటారు. ఆటోరికవర్ ప్రమాదం జరిగినప్పటి కోసం తీసే తాత్కాలిక కాపీ. ఆటోసేవ్ మైక్రోసాఫ్ట్ 365 చందా ఉండి, ఫైలు వన్‌డ్రైవ్‌లోనో, ఆఫీసుల్లో ఫైళ్లు పంచుకునే షేర్‌పాయింట్‌లోనో ఉన్నప్పుడు కొన్ని సెకన్లకోసారి అసలు ఫైలులోనే సేవ్ చేస్తుంది. బ్యాకప్ కాపీ అంటే మీరు సేవ్ నొక్కిన ప్రతిసారీ అంతకుముందు సేవ్ చేసిన రూపాన్ని పక్కనే వేరే ఫైలుగా ఉంచడం.

ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు వెర్షన్ హిస్టరీతో కూడిన ఆటోసేవ్‌కే. క్రాష్ నుంచీ ఓవర్‌రైట్ నుంచీ రెండింటి నుంచీ కాపాడేది అదే. దానికీ ఒక చిక్కుంది. పాత లెటర్ తెరిచి అందులో పేరు మార్చి కొత్తది చేసే అలవాటున్నవాళ్లకు, సేవ్ నొక్కకుండానే పాతది మారిపోతుంది. వాళ్లు తెరవగానే, ఒక్క అక్షరం మార్చకముందే సేవ్ ఎ కాపీ చేసుకోవాలి. సింక్ అయ్యే ఫోల్డర్‌లో డిలీట్ చేస్తే అన్ని కంప్యూటర్లలోనూ పోతుందన్నది కూడా గుర్తుండాలి. అందుకే దాన్ని పూర్తి బ్యాకప్‌గా నేను లెక్కించను.

ఫైళ్లను క్లౌడ్‌లో పెట్టడం ఇష్టం లేనివాళ్లు, పెట్టకూడని ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు మిగతా రెండింటినీ కలిపి వాడుకోవచ్చు. వర్డ్‌లో ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లోకి వెళ్లి ఆటోరికవర్ గడువును 10 నుంచి రెండు నిమిషాలకు తగ్గించండి. దాని కిందే ఉండే, సేవ్ చేయకుండా మూసినా చివరి కాపీ ఉంచమనే టిక్ ఉందో లేదో చూడండి. అడ్వాన్స్‌డ్ విభాగంలో బాగా కిందికి వెళ్తే ఆల్వేస్ క్రియేట్ బ్యాకప్ కాపీ ఉంటుంది, అది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేస్తే డబ్ల్యూబీకే ఎక్స్‌టెన్షన్‌తో కాపీలు అదే ఫోల్డర్‌లో పోగవుతాయి. ఫోల్డర్ గజిబిజిగా కనిపించినా ఓర్చుకోండి. ఒక్క మెట్టు వెనక్కి మాత్రమే వెళ్లగలరు కాబట్టి, ఇంకా పాత రూపాలు కావాలంటే ఎక్స్‌టర్నల్ డ్రైవ్ పెట్టి విండోస్ ఫైల్ హిస్టరీ, మ్యాక్‌లో అయితే టైమ్ మెషీన్ ఆన్ చేయాలి. లిబ్రేఆఫీస్‌లో ఇవే సెట్టింగులు టూల్స్, ఆప్షన్స్, లోడ్ సేవ్, జనరల్‌లో ఉంటాయి.

సెట్టింగ్ పెట్టాక ఒకసారి పరీక్షించండి. ఖాళీ డాక్యుమెంటులో నాలుగు లైన్లు టైప్ చేసి, మీరు పెట్టిన గడువు దాటేదాకా ఆగండి. వేరే డాక్యుమెంట్లేవీ తెరిచి లేవని చూసుకుని, టాస్క్ మేనేజర్‌లో వర్డ్‌ను ఎండ్ టాస్క్ చేసి మళ్లీ తెరవండి. రికవరీ పేన్‌లో ఆ నాలుగు లైన్లు రాకపోతే, ఆప్షన్స్‌లో సేవ్ పేజీకి వెళ్లి ఆటోరికవర్ ఫైల్ లొకేషన్ చూడండి. అక్కడ రాసున్న ఫోల్డర్ ఇప్పుడు కంప్యూటర్‌లో లేకపోవచ్చు, ఉన్నా అందులో రాసే అనుమతి వర్డ్‌కు లేకపోవచ్చు.